చలికాలమున సైకిలు తొక్కువారు దమ్ము నిలుపుకొను విధము

ఢిల్లీ, నోయిడా, గుడ్‌గావ్ ప్రాంతములలో వేకువనే గుంపులుగా సైకిళ్ళపై పోవువారిని చూడవచ్చును. అక్టోబరు చివరినుండి జనవరి వరకు వీరికొక చిక్కు వచ్చిపడును. చల్లబడిన గాలి నేలనంటి కదలక నిలుచును. వాహనముల పొగ, దుమ్ము, పంట కోతల దినములలో వరికొయ్యలు కాల్చగా వచ్చు పొగ అందు చిక్కుకొనును. తెల్లవారుజామున ఈ గాలి మరింత చెడ్డది. ఊరక కూర్చున్న మనిషి నిమిషమునకు ఆరేడు లీటర్ల గాలి పీల్చును; వేగముగా సైకిలు తొక్కువాడు 60 లీటర్లకు మించి పీల్చును. ఆరోగ్యమునకై బయలుదేరినవాడే అందరికంటె ఎక్కువ విషమును లోనికి తీసికొనునన్నమాట! ముక్కుకు కట్టిన గుడ్డ సన్నని ధూళిని ఆపజాలదు.

అట్లని మూడు నెలలు సైకిలును గోడకు చేర్చుటయు తగదు. దమ్ము (ఓర్పు, సహనము అను మాటలిచ్చట చాలవు; జనులాడు మాటయే సరియైనది) త్వరగా తరుగును. సాధన మానిన రెండు వారములలోనే రక్తములోని ద్రవభాగము తగ్గి, గుండె ఒక్కొక్క మారు పంపు రక్తము తక్కువగును. బాగుగ తరిఫీదైనవారు సాధన మానగా, ప్రాణవాయువును వినియోగించు శక్తి మూడు వారములలో నూటికి 7 పాళ్ళు, 12 వారములలో 16 పాళ్ళు తగ్గినట్లు 1984లో వెలువడిన అమెరికా పరిశోధన తెలిపినది.

సంపాదించుటకు పట్టినంత శ్రమ నిలుపుకొనుటకు పట్టదు. 1981లో ప్రకటింపబడిన వేరొక పరిశోధనలో, వారమునకు 6 దినములు సాధన చేసినవారు 2 దినములకు తగ్గించుకొనియు 15 వారములు ఆ శక్తిని నిలుపుకొనిరి. అయితే తొక్కుటలోని తీవ్రతను మాత్రము వారు తగ్గింపలేదు. కీలకమంతయు ఇందే యున్నది.

కావున వెనుక చక్రమును పట్టి నిలుపు స్టాండుపై సైకిలునుంచి, రోడ్డువైపు కిటికీలు మూసి, వారమునకు రెండు మూడు మార్లు ఇంటనే తొక్కవలెను. మొదట పది నిమిషములు మెల్లగా, పిమ్మట మాట పెగలనంత గట్టిగా మూడు నిమిషములు, మరల మూడు నిమిషములు మెల్లగా. ఇట్లు నాలుగైదు మార్లు. గదిలో ఎదురుగాలి ఉండదు గనుక చెమట విశేషముగా పట్టును. పంకా, త్రాగునీరు దగ్గర నుండవలెను. స్టాండు లేనివారు మేడమెట్లు ఎక్కవచ్చును, తాడు దాటవచ్చును. తొడల బలమునకు మన తాతలెరిగిన బస్కీలకు మించినవి లేవు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రతిదినము ప్రకటించు గాలి నాణ్యత సూచికను చూచియే బయటికి పోవలెను. అది 200 దాటినచో దూరపు ప్రయాణము, 300 దాటినచో బయటి వ్యాయామమంతయు మానుట మేలు. ఉబ్బసము, గుండెజబ్బు గలవారు 100 దాటగనే జాగ్రత్త పడవలెను. గాలి బాగున్న దినమునను వేకువను విడిచి, ఎండ ఎక్కిన పిమ్మట వెళ్ళుడు. రొమ్మున నొప్పి గాని, ఊపిరిలో పిల్లికూతలు గాని కలిగినచో వెంటనే దిగి వైద్యుని చూడవలెను.

ఫిబ్రవరిలో గాలి తేటపడగనే వెనుకటి దూరమంతయు ఒక్క దినమున తొక్కబూనకుడు. సగముతో ఆరంభించి, వారమువారము కొంత హెచ్చించుకొనుడు.