చిన్నమెదడులో కణితి: ఆపరేషన్‌తోనే చికిత్స ముగియదు



పిల్లలకు వాంతులైతే అజీర్తి అనుకుంటాము. తలనొప్పి అంటే బడి మానడానికి సాకు అనుకుంటాము. చాలాసార్లు అది నిజమే. అయితే నిద్ర లేవగానే తలనొప్పి, వెంటనే వాంతి, ఆ తరువాత కాస్త తేరుకోవడం రోజుల తరబడి జరుగుతుంటే జబ్బు కడుపులో కాక తలలో ఉండవచ్చు. దిష్టి తీయించుకుంటూ, పురుగుల మందు వేస్తూ రోజులు గడపవద్దు.

ఏమిటీ జబ్బు?

తల వెనుక, మెడకు పైన చిన్నమెదడు ఉంటుంది. మనము తూలకుండా నడిచేది దానివల్లనే. అక్కడ పుట్టే క్యాన్సర్ కణితిని మెడుల్లోబ్లాస్టోమా అంటారు. ఇది అరుదు. ఎక్కువగా పదేళ్లలోపు పిల్లలకు వస్తుంది. త్వరగా పెరుగుతుంది. మెదడు చుట్టూ ఉండే నీటి ద్వారా వెన్నుపాముకు పాకగలదు. వ్యాధి పాకకముందే గుర్తించి పూర్తి చికిత్స చేస్తే, మంచి వసతులున్న చోట పదిమందిలో సుమారు ఏడెనిమిది మంది ఐదేళ్లు దాటి జీవిస్తున్నారు.

ఈ గుర్తులు గమనించండి

• ఉదయం పూట తలనొప్పి, వాంతి
• తూలుతూ నడవడం, తరచుగా పడిపోవడం
• కొత్తగా మెల్లకన్ను రావడం, వస్తువులు రెండుగా కనిపించడం
• తలను ఒక పక్కకే వంచి ఉంచడం
• చంటిబిడ్డకు తల త్వరగా పెద్దదవడం

ఇవి కనిపిస్తే డాక్టరుకు చూపించండి. ఎమ్మారై స్కానింగులో కణితి తెలుస్తుంది.

చికిత్సలో మూడు మెట్లు

1. ఆపరేషన్: ప్రాణానికి ముప్పు లేనంతవరకు కణితిని తీసివేస్తారు. తరువాత కొందరు పిల్లలు కొన్ని రోజులు, వారాలు మాట్లాడలేరు. భయపడకండి. చాలామందికి మాట మెల్లగా తిరిగి వస్తుంది.

2. రేడియేషన్: దీనినే మనవాళ్లు 'కరెంటు పెట్టడం' అంటారు. ఇందులో కరెంటు ఉండదు, కిరణాలే. కంటికి కనిపించని కణాలు మిగిలి ఉండవచ్చు గనుక మెదడుకు, వెన్నుకు అంతటికీ పెడతారు. ఆపరేషన్ అయిన నాలుగు నుండి ఆరు వారాల్లో మొదలుకావాలి. వారానికి ఐదు రోజుల చొప్పున సుమారు ఆరు వారాలు సాగుతుంది. మూడేళ్లలోపు పిల్లల మెదడు లేతది గనుక వారికి సాధారణంగా రేడియేషన్ ఇవ్వకుండా, ముఖ్యంగా మందులతోనే చికిత్స చేస్తారు.

3. కీమోథెరపీ: క్యాన్సర్ మందులు నెలల తరబడి ఇస్తారు. ఈ కాలంలో జ్వరం 100.4 డిగ్రీలు వస్తే రాత్రయినా సరే ఆసుపత్రికి రండి.

మధ్యలో మానవద్దు

చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన చోట ఏడేళ్ల బాబుకు ఆపరేషన్ అయింది. వాంతులు తగ్గాయి, లేచి నడిచాడు, పప్పన్నం అడిగి తిన్నాడు. "ఇంకేం రోగం సిస్టరమ్మా! కోతలు అయ్యాక వస్తాం" అన్నాడు తండ్రి. నాలుగు నెలలకు ఆ బాబును ఎత్తుకొని వచ్చాడు. కణితి వెన్నుకు పాకి కాళ్లు చచ్చుబడ్డాయి. ఆ తండ్రి బిడ్డను ప్రేమించలేదని ఎవరనగలరు? ఎందుకు వెంటనే రావాలో అతనికి అర్థమయ్యేలా మేము చెప్పలేదు. అందుకే మీకు ఇంత విడమర్చి చెబుతున్నాను.

ఖర్చుకు జంకి ఆగవద్దు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ పథకాల కింద ఏ సాయం అందుతుందో ఆసుపత్రిలో అడగండి.

చికిత్స ముగిశాక కూడా వినికిడి, ఎదుగుదల, చదువు మందగించవచ్చు. చెప్పిన తేదీకి పరీక్షలకు తీసుకురండి. బడిలో టీచరుకు కూడా తెలియజేయండి.

హిజ్కియా రాజు కన్నీటితో మొరపెట్టగా దేవుడు ఆలకించాడు. అయినా యెషయా ప్రవక్త అతని పుండుకు అంజూరపు పండ్లతో మందు కట్టించాడు. మీరు కూడా ప్రార్థన మానకండి, చికిత్సా మానకండి. ప్రభువు మీ బిడ్డలను కాపాడును గాక.