టికెట్ కొనేముందు ఆ కాగితం తెప్పించు

రోలా, షార్జా

చి. నీరజకి,

షార్జా యూనివర్సిటీ వాళ్లు నిన్ను విజిటింగ్ స్కాలర్‌గా పిలిచారని అక్కయ్య ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచీ మా ఇంట్లో సందడే సందడి. మీ అత్త అప్పుడే వెనక గదిలో సామానంతా బయటికి లాగించేసింది. బియ్యం ఏ రకం దొరుకుతాయి, గోంగూర ఎక్కడ కొంటారు, యూనివర్సిటీకి చీర కట్టుకుని వెళ్లొచ్చా అని నువ్వు అడిగినవాటికి తనే తీరిగ్గా జవాబులు రాస్తానంది. నువ్వు అడగకుండా వదిలేసిన ప్రశ్న ఒకటుంది. అది నా వంతు. ఇక్కడ నీకు జబ్బు చేస్తే ఆ డబ్బు ఎవరు కడతారు?

యూనివర్సిటీ చూసుకుంటుందిలే అని మీ నాన్నగారు అన్నారట. ఆయన అలా అనుకోవడంలో వింతేమీ లేదు. గవర్నమెంటు ఉద్యోగం చేసినవారు, హెల్త్ కార్డు ఆయన వెంటే నడిచింది. నేను మాత్రం ఏళ్ల తరబడి ఈ రోలాలో ఒక క్లినిక్ ఇన్సూరెన్స్ కౌంటర్లో కూర్చున్నవాణ్ని. ఎమిరేట్స్ ఐడీ, అంటే ఇక్కడి గుర్తింపు కార్డు, చేతికిచ్చి, ‘నాకు కవర్ ఉంది’ అని ధీమాగా నిలబడి, కంప్యూటర్లో వచ్చింది నేను చదివి చెప్పేసరికి మొహం మాడ్చుకుని వెళ్లిపోయిన చదువుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. కార్డు ఉంది కదా అని వచ్చెయ్యడం ప్లాట్‌ఫారం టికెట్టు చూపించి బెర్తు అడగడంలాంటిది.

ముందు ఈ దేశం సంగతి కొంచెం తెలుసుకో. యూఏఈ అంటే ఏడు ఎమిరేట్లు. వైద్య బీమా అన్నిచోట్లా ఒకేసారి రాలేదు. అబుదాబి 2005లో చట్టం చేసి, మరుసటి ఏడాది నుంచి అమలు మొదలుపెట్టింది. దుబాయ్ 2013లో 11వ నంబరు చట్టం తెచ్చి పెద్ద కంపెనీలతో మొదలుపెట్టి చిన్నవాటి దాకా విడతలవారీగా నడిపింది. షార్జా, అజ్మాన్, ఉమ్ అల్ క్వైన్, రస్ అల్ ఖైమా, ఫుజైరా మాత్రం అలా ఆగిపోయాయి. అందుకే మా రోలాలో ఒకే ఫ్లాటులో పక్కపక్క మంచాల మీద పడుకునే ఇద్దరిలో దుబాయ్ వీసావాడికి బీమా ఉండేది, షార్జా వీసావాడికి ఉండేది కాదు. పడక ఎక్కడ అన్నది కాదు లెక్క, వీసా ఏ ఎమిరేటుది అన్నదే లెక్క. ఇది ఇప్పటికీ గుర్తుపెట్టుకోవాల్సిన మాట.

2025 జనవరి 1 నుంచి ఇక్కడా మారింది. ప్రైవేటు రంగంలో పనిచేసేవాళ్లకీ, ఇంటిపనివాళ్లకీ బీమా ఉంటేనే రెసిడెన్సీ ఇవ్వడం, రెన్యువల్ చెయ్యడం. కనీస ప్యాకేజీ ఏడాదికి 320 దిర్హమ్‌లు, అంటే మన లెక్కలో ఏడెనిమిది వేల రూపాయలు. ఆ డబ్బు యజమాని కట్టాలి, జీతంలో కోయకూడదు. ఆసుపత్రిలో చేరితే ఖర్చులో 20 శాతం మనది, అయితే ఒకసారికి 500, ఏడాది మొత్తానికి 1,000 దిర్హమ్‌లు దాటదు. ఆపైన పడేదంతా బీమా కంపెనీయే భరిస్తుంది. డాక్టరుకి చూపించుకుంటే 25 శాతం, గరిష్ఠంగా 100. మందులకు 30 శాతం మనది, వాటికి ఏడాది పరిమితి 1,500 దిర్హమ్‌లు. బీపీ, షుగరులాంటి పాత రోగాలకు ఎదురుచూపులు లేకుండా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. మొదట ప్రకటించిన నెట్‌వర్క్ మాత్రం చిన్నది. 7 ఆసుపత్రులు, 46 క్లినిక్కులు, 45 మందుల షాపులు, అంతే. అయినా నన్నడిగితే ఇది మంచి పనే. భవన నిర్మాణంలో పనిచేసే మన నిజామాబాద్, కరీంనగర్ కుర్రాళ్లు జ్వరమొచ్చినా పారాసిటమాల్ మింగి పనిలోకి పోయేవారు. ఇప్పుడు మా కౌంటర్ దాకా వస్తున్నారు.

అసలు చిక్కు నీ దగ్గరే ఉంది. ఈ నిబంధన ఎవరికి? వర్క్ పర్మిట్ మీద ఉద్యోగం చేసేవాళ్లకి. విజిటింగ్ స్కాలర్ ఉద్యోగి అవునా? జీతం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. విద్యార్థివి కావు, కాబట్టి స్టూడెంట్ బీమాలో నీ పేరు ఉండదు. పేరుకి టూరిస్టువి కావు కానీ, నీ పాస్‌పోర్టు మీద పడేది విజిట్ వీసా కావచ్చు. ఈ మూడు గదుల్లో ఏదీ నీది కాదు. పిలిచిన ప్రొఫెసరుగారికి ఈ సంగతి పట్టదు, పరిశోధన తప్ప వేరే ధ్యాస ఉండదు. ఆయన ‘హెచ్ఆర్ చూసుకుంటుంది’ అంటారు. హెచ్ఆర్ వాళ్లు ‘విజిటర్లు మా పరిధిలోకి రారు’ అనొచ్చు. ఏ దేశమైనా సరే, యూనివర్సిటీల ఆహ్వాన పత్రాల్లో వైద్య బీమా అతిథే చూసుకోవాలన్న వాక్యం మామూలే. అది సాధారణంగా ఆఖరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. నీ ఉత్తరంలో ఉందో లేదో ఈ రాత్రే చూడు.

అందుకని యూనివర్సిటీకి ఒక మెయిల్ రాయి. మర్యాదగానే రాయి గానీ సూటిగా అడుగు. నాకు మీరు పెట్టేది రెసిడెన్స్ వీసానా, విజిట్ వీసానా? బీమా మీరు తీస్తారా, నన్ను తెచ్చుకోమంటారా? మీరు తీసేదైతే ఏ తారీఖు నుంచి మొదలు, ఏ నెట్‌వర్క్, టేబుల్ ఆఫ్ బెనిఫిట్స్ పంపగలరా? ఈ చివరిది మర్చిపోకు. పాలసీలో ఏది కవర్ అవుతుంది, ఎంత వరకు, మన వాటా ఎంత అన్నది ఆ ఒక్క కాగితంలోనే ఉంటుంది. బీమా కార్డు మీద కంపెనీ బొమ్మ, నీ పేరు తప్ప పనికొచ్చేది పెద్దగా ఉండదు.

ఇంకొకటి అడగాలి, నీ పని ల్యాబులో కాబట్టి. యాసిడ్ చిందడం, గాజు పగలడం, కళ్లల్లో ఏదైనా పడటం జరిగితే ఆ ఖర్చు ఎవరిది? ఉద్యోగికి పనిలో గాయమైతే యజమాని బాధ్యత అని చట్టం ఉంది. నువ్వు ఉద్యోగివి కాదంటే ఆ చట్టం నీ దగ్గర ఆగిపోతుంది. మరోవైపు ట్రావెల్ పాలసీల్లో ప్రమాదకరమైన పనులు చేస్తూ తగిలిన దెబ్బలకు మినహాయింపులు ఉంటాయి. అంటే రెండింటి సందులోంచీ జారిపోతావు. ఇది అడిగితే ఏమనుకుంటారో అని సంకోచించకు. అడిగించుకోవడం వాళ్లకి కొత్తేమీ కాదు.

రెసిడెన్స్ వీసా అయితే ఇక్కడికొచ్చాక మెడికల్ ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది, రక్త పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే. ఎమిరేట్స్ ఐడీ వచ్చి, బీమా దానికి జత అయ్యేసరికి కొంత వ్యవధి పడుతుంది. ఆ మధ్యలో నీకు ఏ పాలసీ ఉండదు. కాబట్టి యూనివర్సిటీ బీమా ఇస్తానన్నా సరే, మొదటి నెలకి ట్రావెల్ పాలసీ ఒకటి తీసుకునే విమానం ఎక్కు. అది ఇండియాలో ఉండగానే తీసుకోవాలి. ఇక్కడ దిగాక మన కంపెనీల్లో చాలావరకు ఇవ్వవు.

ట్రావెల్ పాలసీ కొనేటప్పుడు ఎంతకి తీసుకోవాలి అంటావేమో. దానికి నేను అమెరికా కొలబద్ద వాడమంటాను. నవ్వకు, కారణం ఉంది. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోనూ ఒక రోలా ఉంది తెలుసా? 1870లో గనుల కాలేజీగా పెట్టిన యూనివర్సిటీ ఉన్న ఊరు, మన పిల్లలు ఎమ్మెస్‌కి వెళ్లే చోటు. ఆ రోలాకి నువ్వు జే-1 వీసా మీద విజిటింగ్ స్కాలర్‌గా వెళ్లి ఉంటే ఇన్ని ప్రశ్నలు అక్కర్లేదు, అక్కడ ఫెడరల్ నిబంధనలే అంకెలు చెప్పేస్తాయి. ఒక్కో జబ్బుకి లేదా ప్రమాదానికి కనీసం 1,00,000 డాలర్ల కవర్, మనిషిని వైద్యం కోసం తరలించడానికి 50,000, ప్రాణం పోతే దేహాన్ని స్వదేశం చేర్చడానికి 25,000, మన జేబులోంచి ముందు పెట్టుకోవాల్సింది ఒక్కో జబ్బుకి 500 డాలర్లకు మించకూడదు. ఈ రోలాకి వచ్చే అతిథికి అలా ఎవరూ అంకెలు రాసిపెట్టరు. అందుకే ఆ లెక్కే నువ్వు ఇక్కడికి తెచ్చుకో. దిర్హమ్ డాలరుకి 3.6725 చొప్పున కట్టివేసి ఉంది కాబట్టి లక్ష డాలర్లంటే మూడు లక్షల అరవై ఏడు వేల దిర్హమ్‌లు దాటుతుంది. షార్జాలో అది మంచి కవర్. దేహం సంగతి రాసినందుకు అక్కయ్య నన్ను తిడుతుంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లం దాని గురించి మాట్లాడుకోకుండా ఉండలేం, అంతే.

అంకె తర్వాత చూడాల్సినవి ఉన్నాయి. మన దేశపు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి ఒక విడత గడువు 180 రోజులే. నువ్వుండేది ఒక విద్యాసంవత్సరం. మధ్యలో పొడిగించుకునే వీలుందా, పొడిగించేలోపు వచ్చిన జబ్బుని పాతరోగం కింద కొట్టేస్తారా అని రాయించుకో. నీకు థైరాయిడ్ ఉంది కదా, దాన్ని దాచకు. ప్రపోజల్ ఫారంలో ‘లేదు’ అని టిక్ పెట్టించే ఏజెంటు నీ మేలు కోరేవాడు కాదు, రేపు క్లెయిము తిరస్కరించేది అతను కాదు కదా. ప్రాణాపాయం వస్తే తప్ప పాతరోగాలకు డబ్బివ్వని పాలసీలే ఎక్కువ. అందుకని నెలనెలా పరీక్షలు, మాత్రలు సొంత ఖర్చే అనుకో.

ఇక్కడ ఒక కుర్రాడి కథ చెప్తాను. రాయలసీమవాడు, పేరు వద్దు. ఒక యూనివర్సిటీకి కొన్ని నెలలు పరిశోధనకి వచ్చాడు. అర్ధరాత్రి అపెండిక్స్ నొప్పి. పాలసీ ఉంది, మంచి అంకే. అయితే క్యాష్‌లెస్ కావాలంటే చేరే ముందే, లేదా చేరిన ఇరవై నాలుగు గంటల్లోపు, అసిస్టెన్స్ నంబరుకి ఫోన్ చెయ్యాలని పాలసీలో ఉంది. ఆ నంబరు అతని మెయిల్లో ఎక్కడో ఉంది, అతను మంచం మీద ఉన్నాడు. ఆసుపత్రి డిపాజిట్ అడిగింది. రోలాలో తెలుగువాళ్లు వాట్సాప్ గ్రూపులో చందాలేసి కట్టారు. డబ్బు తర్వాత వచ్చింది గానీ చాలా నెలలకి, అదీ ఐటమైజ్డ్ బిల్లు, డిశ్చార్జి సమ్మరీ, పాస్‌పోర్టులో ఎంట్రీ స్టాంపు కాపీ అంటూ ఉత్తరాలు నడిచాక. అందుకే ఆ నంబరు నీ ఫోన్లోనే కాదు, అత్త ఫోన్లో, నా ఫోన్లో కూడా ఉండాలి. అంబులెన్సుకి ఇక్కడ 998. ప్రాణం మీదికొస్తే ఏ ఆసుపత్రీ వెనక్కి పంపదు, బిల్లు మాత్రం వెనకే వస్తుంది.

షార్జాలో డాక్టర్లంతా మనవాళ్లేగా, చవగ్గా అయిపోతుంది అంటారు కొందరు. మనవాళ్లే, నిజం. నాగపూర్ నుంచి 1964లో వచ్చిన జులేఖా దావూద్ గారు పెట్టిన ఆసుపత్రి రోలాకి దగ్గర్లోనే ఉంది. ఆమె మీద నాకెంతో గౌరవం. అయితే డాక్టరుకి హిందీ వస్తే ఫీజు రూపాయల్లోకి మారదు. పళ్లూ కళ్లూ కనీస ప్యాకేజీల్లో ఉండవు కాబట్టి, పన్ను పుచ్చిందేమో, అద్దాల పవర్ మారిందేమో కాకినాడలోనే చూపించుకుని రా.

ఇండియాలో ఉన్న నీ హెల్త్ పాలసీని ఆపెయ్యకు. ‘ఏడాదిపాటు ఇండియాలో ఉండను కదా, ప్రీమియం దండగ’ అనే ఆలోచన నీకు వస్తుందని నాకు తెలుసు, లెక్కల్లో నువ్వు మీ నాన్నకంటే గట్టిదానివి. అది ఇక్కడ పనికిరాదన్నది నిజమే. కానీ 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మార్చిన నిబంధనల ప్రకారం పాతరోగాలకు వేచి ఉండే కాలం గరిష్ఠంగా 36 నెలలు, 60 నెలలు ఎడతెగకుండా కడితే మోసం రుజువైతే తప్ప, నువ్వు ఏదో చెప్పలేదన్న సాకుతో కంపెనీ క్లెయిము ఎగ్గొట్టలేదు. ఒక్క ఏడు తెగితే ఆ నెలలన్నీ మొదట్నుంచి లెక్క. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా తీసేశారు. కట్టు.

ప్రవాసాంధ్ర భరోసా గురించి అడిగావట. ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్ఆర్‌టీఎస్ వాళ్లది, తీసుకో, ఖర్చు స్వల్పం. అది ముఖ్యంగా ప్రమాదంలో మరణానికీ అంగవైకల్యానికీ డబ్బిచ్చే పథకం. జ్వరానికి, అపెండిక్సుకి దాన్ని నమ్ముకోకు. అన్ని దారులూ మూసుకుపోయిన భారతీయులకి దుబాయ్ కాన్సులేట్ దగ్గర సంక్షేమ నిధి ఉంది, 2009లో పెట్టింది. అది నిరుపేదలకోసం. మనం దాని జోలికి పోవలసిన అవసరం రాకూడదు.

అక్కయ్య నిన్ను చూడటానికి సంక్రాంతికి వస్తానంటోంది. రమ్మను, నాకంటే సంతోషించేదెవరు! కాకపోతే షుగరూ బీపీ ఉన్న మనిషి, ఆమె పాలసీ నీ పాలసీకంటే జాగ్రత్తగా కొనాలి. వయసు, మందుల పేర్లు అన్నీ రాయించి, పాతరోగం ఎమర్జెన్సీకి ఎంత ఇస్తారో ఆ వాక్యం నాకు చదివి వినిపించు. ఇంకో మాట, మోకాలి నొప్పికని ఆమె వాడే మాత్రల్లో ట్రమడాల్ ఉందేమో, దగ్గు మందులో కోడీన్ ఉందేమో చూడు. ముందస్తు అనుమతి లేకుండా అవి ఇక్కడి విమానాశ్రయంలో దిగితే అది బీమా తీర్చే సమస్య కాదు. మిగతా మందులకి డాక్టరు చీటీ వెంట ఉంచుకోమను.

ఇంత రాశాక భయపెట్టానేమో అనిపిస్తోంది. లేదమ్మా, నువ్వు రావాలి. 1997లో పుట్టిన ఆ యూనివర్సిటీలో నీ పేరు బోర్డు మీద చూడాలని మీ అత్తకీ నాకూ కోరిక. నువ్వు ఎలాగూ నా మాట వినవని అక్కయ్య అంటోంది గానీ, ఈ ఒక్కటి విను. యూనివర్సిటీ నుంచి బీమా గురించి రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా టికెట్ బుక్ చెయ్యకు. వచ్చిన జవాబూ, టేబుల్ ఆఫ్ బెనిఫిట్సూ పీడీఎఫ్ చేసి నాకు వాట్సాప్ పెట్టు. నేను చదివి ఏ వాక్యం దగ్గర మళ్లీ అడగాలో చెప్తాను.

మీ మామయ్య