పింఛనూ, పనీ, ఇంట్లో లేనివాళ్లూ

చి. అమ్మడూ,

"పింఛను వచ్చాక పని మానేశారా?" అని సర్వేలో సూటిగా అడిగితే ఎవరు మాత్రం ఔనంటారే? ఆ మాట ఊరి సచివాలయం దాకా పోయి నెలకొచ్చే రూ.4,000 ఆగిపోతాయేమోనని వాళ్ల భయం. "ఈసారి చెనిక్కాయ కలుపుకు ఎన్నాళ్లు పోయినావు?" అని అడుగు. లెక్క తర్వాత వేసుకోవచ్చు.

ఇక నీ అసలు దిగులు. పింఛనున్న ఇళ్లలో కొడుకులు తక్కువ పనిచేస్తున్నట్టు నీ పట్టికలో తేలిందని, జనం సోమరులవుతున్నారని రాసేయమంటావా? ఆగు. ఈ తంటా దక్షిణాఫ్రికాలో పెద్దపెద్దవాళ్లకే వచ్చింది. అక్కడ అప్పట్లో పింఛను ఆడవాళ్లకు 60 ఏళ్లకు, మగవాళ్లకు 65కు. పింఛను వచ్చే ఇళ్లలో నడివయసువాళ్ల పని, ముఖ్యంగా మగవాళ్లది, తగ్గుతోందని 2003లో బెర్ట్రాండ్, ముల్లైనాథన్, మిల్లర్ రాశారు. ఆర్డింగ్టన్, కేస్, హోసెగుడ్ క్వాజులూ-నటాల్ పల్లెల్లో అవే కుటుంబాలను మళ్లీ మళ్లీ చూసి 2009లో రాసేసరికి లెక్క తిరగబడింది. అవ్వకు డబ్బు రాగానే పడుచువాళ్లు పనికోసం వలసపోయారు. దారిఖర్చులకు ఆసరా దొరికింది, పిల్లల్ని చూసుకోవడానికి అవ్వ ఉంది. మొదటి లెక్కలో ఇంట్లో మిగిలినవాళ్లే ఉన్నారు, పనికి పోయినవాళ్లు లేరు!

ఎవరున్నారని కాదు, ఎవరు లేరని ముందు అడుగు అని నేను చెవినిల్లు కట్టుకుని పోరేది ఇందుకే. కదిరి పక్క పల్లెల్లో బెంగళూరుకు మనిషిని పంపని ఇళ్లెన్ని? వాళ్లు వదిలిపోయిన మనవళ్లను సాకుతూ, మేకలు కాస్తూ, నీళ్లు మోసే అవ్వ పేరుకెదురుగా నువ్వు "పని: లేదు" అని రాశావు. నిన్ను పెంచిందెవరే? మీ జేజి ఉండుంటే ఆ కాగితం చించి పొయ్యిలో పెట్టేది.

డెబ్బై ఏళ్ల మనిషి కూలికి పోవడం మానితే దాన్ని నష్టం పద్దులో వేయకు. పింఛను ఇచ్చేదే అందుకు.

మన దగ్గర పింఛనొచ్చే 60కి అటూ ఇటూ ఉన్నవాళ్లను పోల్చాలనుకోవడం బాగుంది. కానీ ఆధార్ చూస్తే మన పల్లెల్లో సగంమంది జనవరి 1నే పుట్టారు. పైగా మామూలుగా రేషన్ కార్డుకొక పింఛనే. తాతకొస్తే అవ్వకు రాదు. ఆమె ఇంకా కూలికి పోతుంటే ఆ ఇంటిని ఏ గడిలో వేస్తావు?

ఉగాదికి వలసవాళ్లు ఊరికొస్తారు. బస్సు ఛార్జీలు నేనిస్తాను, అప్పుడు మళ్లీ పో. తొలిసారి బెంగళూరు బండెక్కినప్పుడు చేతిలో డబ్బు ఎవరు పెట్టారో వాళ్లనే అడుగు.

మీ పెదనాన్న