ఫైలు పద్దును చదువుట

కరణముల కాలమున ఏ పొలము ఎవరి సాగులో నున్నదో అడంగలు చూచి చెప్పెడివారు. పొలము వేరు, అడంగలు వేరు. కంప్యూటరు డిస్కునందును ఇట్టి లెక్క యొకటి కలదు. 1993లో విండోస్ ఎన్.టి.తో వచ్చిన ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిలో దానిని మాస్టర్ ఫైల్ టేబుల్ అందురు. ప్రతి ఫైలుకును అందులో సాధారణముగా 1024 బైట్ల పద్దు ఉండును.

ఆ పద్దు కంటితో చదువునట్టిది కాదు. బ్రయన్ క్యారియర్ రూపొందించిన స్లూత్ కిట్ వంటి ఉపకరణములు దానిని భాగములుగా విడదీయును. భాగపు సంఖ్య 16 అయినచో కాలవివరము, 48 అయినచో పేరు, 128 అయినచో విషయము. పేరులోని ప్రతి లిపిచిహ్నమునకు రెండేసి బైట్లు. మన కళాశాలలో రెండు లిపులవారమును ఉన్నాము గనుక చెప్పుచున్నాను: ఉర్దూలో 'కితాబ్' నాలుగక్షరములు, ఎనిమిది బైట్లు, తెలుగులో గుడి, దీర్ఘము, పొల్లు వేరువేరుగా లెక్కకు వచ్చి పన్నెండు బైట్లగును.

ఈ విషయమై నేను శ్రద్ధ వహించుటకు ఒక కారణమున్నది. మైపాడు తీరము నుండి వచ్చు విద్యార్థి యొకడు జాలరుల మాటలపై వ్యాసము వ్రాసి పెన్ డ్రైవులో తెచ్చెను. గడువు 15వ తేది. ఫైలు పుట్టిన తేది 17 అని కనబడుటచే ఆలస్యమైనదని దానిని త్రోసివేసిరి. "అయ్యా, నేను ముందే ముగించితిని" అని అతడు కన్నీరు పెట్టుకొనెను.

నకలు తీసినపుడు క్రొత్త ఫైలుకు నకలు తీసిన నాటి పుట్టుకతేది పడును. చివరిసారి దిద్దిన తేది మాత్రము మారదు. అతని ఇంటి కంప్యూటరులోని పద్దును విప్పి చూడగా దిద్దిన కాలము 14వ తేది రాత్రి 7.10 అని యుండెను. తోటివారు సంతోషించిరి గాని అదియు సరికాదు. ఆ పద్దులో కాలము 1601 జనవరి 1 మొదలుకొని, సెకనులో కోటియవ వంతుల లెక్కన, విశ్వప్రామాణిక కాలమున నమోదగును. మనము 5.30 గంటలు కలుపుకొనవలెను. అనగా 15వ తేది వేకువకు ముందు 12.40. గడువులోపలే.

గడియారమును వెనుకకు త్రిప్పినచో పద్దును అబద్ధమాడును. అందుచే 16వ భాగములోని కాలమును 48వ భాగములోని కాలముతో పోల్చి చూచితిమి. మొదటిదానిని మార్చు సాధనములు పెక్కు కలవు, రెండవదానిని మార్చుట కష్టము. అనుమానింపదగినది కనబడలేదు. వ్యాసము స్వీకరింపబడెను.