ఇంటికి ఎట్టి మరుగుదొడ్డి కావలెను?

గ్రామములలో నేడు కొత్త ఇండ్ల నిర్మాణము ముమ్మరముగా సాగుచున్నది. పాత పెంకుటింటిని విప్పి డాబా వేయువారు, ఉన్న ఇంటికే రెండు గదులు చేర్చువారు ప్రతి వీధిలోను కనబడుచున్నారు. గుమ్మము ఏ దిక్కునకు ఉండవలెనో సిద్ధాంతిగారిని అడుగుదురు. తలుపునకు టేకు మంచిదా, వేప మంచిదా యని పది దినములు తర్జనభర్జన పడుదురు. మరుగుదొడ్డి మాట వచ్చునప్పటికి మాత్రము "ఆ మూలనెక్కడో ఒకటి కట్టు" మని మేస్త్రీకి వదలివేయుదురు. మేస్త్రీ తనకు అలవాటైనది కట్టును. అది మంచిదైనను, చెడ్డదైనను ఆ ఇంటివారును, ఇరుగుపొరుగువారును, ఒక్కొక్కప్పుడు ఊరంతయు దాని ఫలమును ఏండ్ల తరబడి అనుభవింపవలసినదే.

ఈ విషయమున పంచాయతీ సభ్యుల బాధ్యత చిన్నది కాదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, పారిశుద్ధ్యము పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. ఇల్లు కట్టుకొనువాడు సలహా కొరకు ముందుగా వచ్చునది తన వార్డు సభ్యుని యొద్దకే. ఆ సమయమున సభ్యుడు ఏమి చెప్పవలెనో ఇచ్చట వివరింప బూనితిమి.

మరుగుదొడ్డి యనగానే దుకాణములో తెల్లగా మెరయుచుండు బేసిను మనస్సున మెదలును. నిజమునకు ఎన్నుకొనవలసినది బేసినును గాదు, భూమి క్రింద కనబడకుండ ఉండు భాగమును. దానిని నిర్ణయించుటకు మూడు ప్రశ్నలు చాలును. వానకాలమున ఆ స్థలములో నీరు ఎంత లోతున పడును? నేల యెట్టిది? గుంట నిండిన నాడు దానిని ఎవరు, ఏ రీతిగా ఖాళీ చేయుదురు? మొదటి రెండు ప్రశ్నలు మంచి మేస్త్రీ అడుగును. మూడవదానిని ఎవ్వరును అడుగరు. మా అభిప్రాయములో అన్నిటికంటె ముందు అడుగవలసినది అదియే.

'సెప్టిక్ ట్యాంకు' అను మాట మన పల్లెలలో వింతగా స్థిరపడినది. గొయ్యి త్రవ్వి సిమెంటు రింగులు దింపినను అది సెప్టిక్ ట్యాంకే. పదడుగుల లోతున రాతికట్టు కట్టి పైన పలక వేసినను అదియు సెప్టిక్ ట్యాంకే. అసలైన సెప్టిక్ ట్యాంకు నీరు కారని గట్టి తొట్టి. అందులో మలము అడుగున పేరుకొనును, పైనున్న నీరు బయటికి పోవును. ఆ నీరు చూచుటకు తేటగా ఉన్నను శుభ్రమైనది కాదు. రోగక్రిములు, పురుగుల గ్రుడ్లు దానిలో ఉండనే యుండును. కనుక దానిని ఇంకుడుగుంటలోనికి పంపవలెను. ఖర్చు తగ్గునని ఇంకుడుగుంట మానివేసి, గొట్టమును వీధికాలువలోనికి విడుచువారు అనేకులు. అట్టి ఇంటివారు తమ దొడ్డిలోని మురికిని పొరుగువారి గుమ్మము ముందునకు పంపుచున్నారనుట సత్యము.

తొట్టిలో పేరుకొనిన మడ్డిని రెండు మూడేండ్ల కొకసారి తీయింపవలెను. పీల్చు యంత్రము గల లారీ రావలెను. ఆ లారీ ఇంటి దగ్గరకు వచ్చుటకు త్రోవ యుండవలెను. తీసిన మడ్డిని శుద్ధిచేయు స్థలము ఎక్కడనో యుండవలెను. ఇవి లేని ఊళ్లలో ఏమి జరుగునో మనకు తెలియనిది కాదు. రాత్రివేళ ఒకరిద్దరు మనుష్యులను పిలిపించి, బకెట్టు చేతికిచ్చి లోపలికి దింపుదురు. మూసియున్న తొట్టిలో హైడ్రోజన్ సల్ఫైడు మొదలగు విషవాయువులు నిలిచియుండును. దిగినవాడు క్షణములలో స్పృహ తప్పును. వానిని తీయుటకు దిగిన రెండవవాడును అట్లే పడిపోవును. ఇట్టి మరణములలో తండ్రీ కొడుకులు, అన్నదమ్ములు జంటగా పోవుట పలుమార్లు జరిగినది. మరణించువారు దాదాపు ఎల్లప్పుడును ఒకే వర్గపు పేదలు. ఒకని ఇంటి సౌకర్యము మరియొకని ప్రాణము మీద నిలుచుట న్యాయమా?

చట్టము ఈ విషయమున స్పష్టముగా నున్నది. మనుష్యులచే మలమును ఎత్తించు పొడిదొడ్లను 1993 నాటి చట్టము నిషేధించెను. 2013 నాటి చట్టము మరింత ముందునకు పోయి, రక్షణసాధనములు లేకుండ మనుష్యులను సెప్టిక్ ట్యాంకులలోనికి, మురుగు కాలువలలోనికి దింపుటను నేరముగా చేసెను. ఈ చట్టములు కాగితముపై మిగిలిపోకుండ పోరాడినవారిలో కోలారు బంగారు గనుల ప్రాంతమున జన్మించిన బెజవాడ విల్సన్ ముఖ్యులు. ఆయనకు 2016లో మెగసెసే పురస్కారము లభించెను. మురుగు కాలువలలో మరణించినవారి కుటుంబములకు 10 లక్షల రూపాయలుగా ఉన్న పరిహారమును సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచెను.

మూడవ ప్రశ్నకు చక్కని సమాధానము రెండు గుంటల మరుగుదొడ్డి. ఇది నేటిది కాదు. చెంబెడు నీటితో శుభ్రపడునట్టి, నీటిమూత గల బేసినును గ్రామములకు తగినట్లు రూపొందించు ప్రయోగములు 1950ల దశకములోనే బెంగాలులోని సింగూరు, ఢిల్లీ సమీపమున నజఫ్‌గఢ్, మద్రాసు సమీపమున పూనమల్లి కేంద్రములలో జరిగినవి. తరువాత 1970లో సులభ్ సంస్థను స్థాపించిన బిందేశ్వర్ పాఠక్ రెండు గుంటల పద్ధతిని దేశమంతట వ్యాపింపజేసిరి.

పని చేయు తీరు చాల సులభము. రెండు గుంటలుండును, ఒకసారి ఒక్కటే వాడుకలో నుండును. గుంట గోడలలో ఖాళీలు ఉంచుట వలన నీరు, వాయువులు చుట్టునున్న మట్టిలోనికి ఇంకిపోవును. మలము మాత్రము మిగులును. అడుగున గచ్చు వేయరాదు. ఒక మీటరు వెడల్పు, సుమారు 1.2 మీటర్ల లోతు గల గుంట ఐదుగురున్న కుటుంబమునకు ఇంచుమించు మూడేండ్లు వచ్చును. అది నిండగానే చిన్న మళ్లింపు తొట్టిలో ఒక గొట్టపు నోటిని మూసి, రెండవదానిని తెరవవలెను. మొదటి గుంటను రెండేండ్లు కదలింపక యుంచినచో, లోపలిది వాసన లేని నల్లని ఎరువుగా మారును. ఇంటివాడే పారతో తీసి పొలమునకు వేసికొనవచ్చును. లోపలికి ఎవరిని దింపనక్కరలేదు, లారీ అక్కరలేదు.

ఈ మాటను నమ్మనివారు వరంగల్లు ప్రాంతములోని గంగదేవిపల్లిని తలచుకొనవలెను. 2017 ఫిబ్రవరిలో, కేంద్ర తాగునీటి, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శియగు పరమేశ్వరన్ అయ్యర్ పలు రాష్ట్రముల అధికారులతో ఆ గ్రామమునకు వచ్చి, నిండి విశ్రాంతినొందిన గుంటలోనికి తామే దిగి ఎరువును ఎత్తిరి. ఆ పని తమ అంతస్తునకు తగదని వారెవరును తలచలేదు.

అయితే మంచి పద్ధతిని చెడగొట్టుటలో మన మేస్త్రీలకు గల నేర్పు అసాధారణము. రెండు గుంటలు కట్టి, రెండింటిని ఒకేసారి నింపునట్లు గొట్టములు కలుపుదురు. అప్పుడు రెండును ఒకనాడే నిండును, విశ్రాంతి యను మాటయే లేదు. ఒక గుంట నుండి పొర్లినది రెండవదానిలో పడునట్లు వరుసగా కలుపుట మరియొక తప్పు. గుంటలు ప్రక్కప్రక్కనే గోడ కలిసియున్నచో వాడుకలోనున్న గుంట నీరు విశ్రాంతి గుంటలోనికి ఊరును. నడుమ మీటరు దూరమైనను విడువవలెను. "ఎంత లోతైన అంత మంచిది" అను భ్రమ మరీ ప్రమాదకరము. లోతు పెరిగినకొలది మలినము భూగర్భజలమునకు చేరువగును; ఎరువు తీయుటయు కష్టమగును. ఇక గొప్ప కొరకు డాబాపైకి నిలువెత్తు గాలిగొట్టము పెట్టించువారు కలరు. రెండు గుంటల దొడ్డికి అది అనవసరము. సెప్టిక్ ట్యాంకునకు మాత్రము తప్పనిసరి.

నేలను బట్టి మార్పులుండును. గుంట అడుగునకు, వానకాలపు నీటి మట్టమునకు నడుమ రెండు మీటర్లు ఎడముండుట క్షేమము. కృష్ణా, గోదావరి డెల్టాలలోను, కోనసీమలోను ఇది తరచుగా సాధ్యపడదు. అచ్చట గుంటలను నేల మట్టమునకు పైకెత్తి, చుట్టును మట్టి పోసి మిట్టగా కట్టవలెను. దొడ్డి గది పీఠమును ఆ మేరకు ఎత్తుచేయవలెను. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు నెరియలిచ్చును. నీరు త్వరగా ఇంకనీయదు. గుంట చుట్టును ఒక అడుగు మందమున ఇసుక, కంకర నింపినచో కట్టడము నిలుచును. ఇసుకనేలలో నీరు మితిమీరి త్వరగా పోవును గనుక గోడలోని రంధ్రములు సన్నముగా ఉంచవలెను. రాతి నేలలో నెరియల వెంట మలినము దూరము పోవచ్చును. అచ్చట బావులు ఎక్కడెక్కడ గలవో ముందుగా చూడవలెను. సాధారణముగా బావికి, చేతిపంపునకు 10 మీటర్ల లోపల గుంట ఉండరాదు. 15 మీటర్లు ఉండుట మేలు. పొరుగువాని బావి కూడ బావియేనని మరువరాదు.

నీరు మరీ పైననున్న ఇరుకు స్థలములలోను, పెద్ద కుటుంబములకును సరియైన సెప్టిక్ ట్యాంకు కట్టుట తప్పు కాదు. ఇంకుడుగుంట కట్టుటయు, లారీ వచ్చు త్రోవయు, మడ్డిని శుద్ధిచేయు ఏర్పాటును ముందుగా నిశ్చయించుకొనవలెను. ఈ మూడును లేనిచో దానికి సలహా ఇయ్యరాదు.

బేసినును గూర్చి కొన్ని మాటలు చాలును. పట్టణములకై చేసిన బేసినునకు ప్రతిసారి ఎక్కువ నీరు పట్టును. గ్రామములకు తగినది అడుగున వాలు ఎక్కువగా నుండి, 20 మిల్లీమీటర్ల నీటిమూత గలది. దీనికి ఒకటిన్నర, రెండు లీటర్లు చాలును. నీరు ఆడువారి నెత్తిమీద వచ్చు ఊళ్లలో ఈ తేడా అల్పమైనది కాదు. పింగాణిది నునుపుగా ఉండి శుభ్రపరచుటకు సులభము. నీరు అతిగా పోసినచో గుంట ముందుగా నిండును గనుక స్నానపు నీటిని దానిలోనికి విడువరాదు.

ఇంట మోకాళ్ల నొప్పులు గల ముసలివారు, అంగవైకల్యము గలవారు ఉన్నచో కుర్చీ వంటి బేసిను పెట్టించి, గోడకు పట్టుకడ్డీ బిగించి, గడపకు బదులు వాలుబాట వేయింపవలెను. తలుపు బయటికి తెరచుకొనునట్లు ఉండుట మంచిది. లోపల పడినవారిని బయటికి తీయుటకు అది పనికివచ్చును.

పాత ఇంటిని బాగుచేయువారు కూడ ఒక్క గుంట ఉన్నదని నిరాశపడనక్కరలేదు. మీటరు దూరములో రెండవ గుంట త్రవ్వి, నడుమ మళ్లింపు తొట్టి కట్టినచో పాతదే రెండు గుంటల దొడ్డియగును. 2014 అక్టోబరు 2న ఆరంభమైన స్వచ్ఛభారత్ గ్రామీణ పథకములో అర్హత గల కుటుంబమునకు 12,000 రూపాయల ప్రోత్సాహకము నిర్ణయింపబడెను. ఆ నిధులతో కట్టిన వానిలో ఒక్క గుంటవి ఎన్ని యున్నవో పంచాయతీ వార్డులవారీగా లెక్క తీయుట మంచిది. ముందుగా నిండునవి అవియే.

కట్టడము పూర్తియైన పిదప సభ్యుడు స్వయముగా వెళ్లి పలక తీయించి చూడవలెను. మళ్లింపు తొట్టిలో ఒక నోరు మూసియున్నదా? బకెట్టెడు నీరు పోసిన రెండవ నోటి వైపే పోవుచున్నదా? గుంట అడుగున గచ్చు వేసిరా? ఇది పావుగంట పని. గుంట మార్చిన తేదీని దొడ్డి తలుపు లోపలివైపున రంగుతో వ్రాయించి, ఆ తేదీనే పంచాయతీ పుస్తకములోను ఎక్కించినచో, రెండేండ్లు నిండకముందే ఎవరును మూత తీయరు.