బాధ లేకపోయినా షుగరును ఇప్పుడే ఎందుకు అదుపు చేయాలి?



ఓ.పి.లో మేము తరచూ వినే మాట ఒకటుంది. "సిస్టరమ్మా, షుగరు ఉందన్నారు గానీ నాకు ఏ బాధా లేదు. అన్నం తింటున్నాను, పని చేసుకుంటున్నాను. బాధ మొదలైతే అప్పుడు మందులు వేసుకుంటానులే" అంటారు. కొన్నేళ్లకు అలాంటివారే కాలి పుండుతో డ్రెస్సింగు గదికి వస్తారు. ఆ పుండు కడిగేటప్పుడు మాకూ మనసు బరువెక్కుతుంది. బాధ వచ్చేదాకా ఆగడం ఎంత నష్టమో ఒక పెద్ద పరిశోధన చూపించింది. ఈ నెల దాని గురించి తెలుసుకుందాం.

పరిశోధన ఎలా జరిగింది?

ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టరు రాబర్ట్ టర్నర్ గారి నాయకత్వంలో 1977లో ఇది ప్రారంభమైంది. అప్పుడే షుగరు బయటపడిన 5,102 మందిని 23 ఆసుపత్రుల నుండి చేర్చుకున్నారు. జబ్బు తెలిసిన నాటికే వారిలో సుమారు సగం మందికి కళ్లలోనో, నరాల్లోనో, రక్తనాళాల్లోనో ఏదో ఒక దెబ్బ కనిపించింది. అంటే మనకు తెలియక ముందే షుగరు లోపల తన పని మొదలుపెడుతుందన్నమాట.

కొందరికి ముఖ్యంగా ఆహార నియమాలతోనే వైద్యం చేశారు. మిగిలినవారికి మాత్రలు లేదా ఇన్సులిన్ ఇచ్చి షుగరును ఇంకా తగ్గించారు. మూడు నెలల సగటు షుగరు చూపే పరీక్షలో మొదటివారికి 7.9, రెండవవారికి 7.0 వచ్చింది. తేడా ఒక అంకె కూడా లేదు. అయినా 1998లో ఫలితాలు వెల్లడించినప్పుడు, కళ్లు, కిడ్నీల వంటి చోట్ల సన్న రక్తనాళాలు చెడిపోవడం రెండవవారిలో నాలుగో వంతు తక్కువగా ఉంది. అధిక బరువు ఉండి మెట్‌ఫార్మిన్ మాత్ర వాడినవారిలో మరణాలు కూడా మూడో వంతుకు పైగా తగ్గాయి.

మొదటి సంవత్సరాల విలువ

పరిశోధన 1997లో ముగిశాక అందరూ తమ తమ డాక్టర్ల దగ్గరకు వెళ్లిపోయారు. ఏడాది తిరిగేసరికి రెండు గుంపుల షుగరు ఒకటే అయిపోయింది. ఇక లాభం కూడా పోతుందని మనం అనుకుంటాం. కానీ పదేళ్ల తరువాత, 2008లో చూస్తే, మొదట్లో బాగా అదుపు చేసుకున్నవారికి గుండెపోట్లు, మరణాలు తక్కువగానే ఉన్నాయి. 2024లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, పరిశోధన ముగిసిన 24 ఏళ్ల వరకు కూడా ఆ మేలు నిలిచింది. జబ్బు తెలిసిన మొదటి సంవత్సరాల్లో పడిన శ్రమ ముసలితనంలో మనల్ని కాపాడుతుంది.

బి.పి. సంగతి వేరు

షుగరుతో పాటు బి.పి. ఉన్నవారిలో, దానిని బాగా తగ్గించినప్పుడు పక్షవాతం 44 శాతం తగ్గింది. అయితే పరిశోధన అయ్యాక ఆ అదుపు సడలింది, దానితో ఈ లాభం కూడా తగ్గిపోయింది. బి.పి. విషయంలో పాత శ్రమ నిల్వ ఉండదు. అందుకే "నార్మల్ వచ్చింది" అని మాత్రలు ఆపవద్దు. మాత్ర వేసుకోబట్టే నార్మల్ వచ్చింది.

మనం చేయవలసినవి

1. ముప్ఫై ఏళ్లు దాటిన ప్రతివారూ షుగరు, బి.పి. పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా చేస్తారు.

2. షుగరు ఉందని తెలిసిన నెలలోనే వైద్యం మొదలుపెట్టండి. అన్నం కొంచెం తగ్గించి, కూర, పప్పు పెంచండి. రోజూ అరగంట నడవండి.

3. ఏడాదికి ఒకసారి కళ్లు, కిడ్నీలు, పాదాలు పరీక్ష చేయించుకోండి. ప్రతి రాత్రి అరికాళ్లు చూసుకోండి. పెద్దవారికి పిల్లలు చూసిపెట్టాలి.

4. షుగరు మరీ పడిపోయినా ప్రమాదమే. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయవద్దు, ఆసుపత్రికి తీసుకురండి.

5. ఉపవాస ప్రార్థనకు ముందు డాక్టరును అడగండి. ఇన్సులిన్ వేసుకుని పస్తు ఉండవద్దు. అలాగని మీకు మీరే మందు మానవద్దు.

"నాకు షుగరు వచ్చి పదిహేనేళ్లయింది, ఇక ఏం లాభం?" అని ఎవరూ నిరాశపడవద్దు. ఈ రోజు మొదలుపెట్టినా చూపును, పాదాన్ని కాపాడుకోవచ్చు. వయసును బట్టి, గుండె పరిస్థితిని బట్టి ఎవరి షుగరు ఎంత ఉండాలో డాక్టరు చెబుతారు.

ప్రార్థించండి, మాత్రా వేసుకోండి. దేవుడు ఇచ్చిన ఈ దేహాన్ని జాగ్రత్తగా చూసుకోవడం కూడా ఆయనకు కృతజ్ఞత చెల్లించడమే. ప్రభువు మీ కుటుంబాలకు ఆరోగ్యం దయచేయును గాక.