కొత్త పాట నచ్చడం లేదా, వినబడడం లేదా?

"ఈ కొత్త పాటలు నాకొద్దు బాబూ, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడండి" అనే మాట పెద్దవారున్న సంఘాలలో తరచు వింటుంటాము. ఇది జబ్బు కాదు. ఇంచుమించు 10 నుండి 30 ఏళ్ల మధ్య జరిగిన సంగతులే మనిషికి ఎక్కువగా గుర్తుంటాయి. ఆ వయసులో నేర్చిన పాటతో బాప్తిస్మము, పెండ్లి, అమ్మ గొంతు అన్నీ ముడిపడి ఉంటాయి. కొత్త పాటకు ఆ బలం ఎక్కడిది? (1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు కూడా ఒకనాడు కొత్తవే!)

అయితే పాట నచ్చకపోవడం వేరు, వినబడకపోవడం వేరు.

వయసు మీరేకొద్దీ లోపలి చెవిలోని సున్నితమైన కణాలు దెబ్బతింటాయి. ముందుగా తగ్గేది సన్నని, కీచు శబ్దాల వినికిడి. స, ష, ఫ, త వంటి హల్లులు తెలియవు. ఆ, ఓ వంటి అచ్చులు బాగానే వినబడతాయి. అందుచేత పాడుతున్నారని తెలుస్తుంది గాని ఏమి పాడుతున్నారో తెలియదు. తెలిసిన కీర్తనైతే వినబడని అక్షరాలను జ్ఞాపకమే పూరిస్తుంది. కొత్త పాటకు ఆ సహాయం లేదు, పైగా డ్రమ్ముల మోత ఒకటి! కాబట్టి "పాత పాటలు చక్కగా వినబడుతున్నాయి, నా చెవులకేమీ కాలేదు" అన్నంత మాత్రాన ఊరుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 60 ఏళ్లు దాటినవారిలో నూటికి 25 మందికి పైగా ఇబ్బంది పెట్టేంత వినికిడి లోపముంది.

స్పీకరు శబ్దం పెంచితే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. ఇటువంటి చెవికి చిన్న శబ్దం అందదు, పెద్ద శబ్దమేమో బాధిస్తుంది. పాటను పెద్ద అక్షరాలతో రాసి ముందుగానే చేతికివ్వడం మేలు.

చెవిలో గుబిలి అడ్డుపడినా వినికిడి తగ్గుతుంది. పిన్నీసులు పెట్టవద్దు, కాచిన నూనె పోయవద్దు. డాక్టరు చేత తీయించండి. తరువాత ఆడియోమెట్రీ చేయించాలి, అందులో నొప్పేమీ ఉండదు. వినికిడి యంత్రాలు ముఖ్యంగా మాట కోసం తయారైనవి గనుక మొదట కొన్ని వారాలు సంగీతం వింతగా ఉంటుంది. విసిగి పెట్టెలో దాచేయక, సంగీతానికి తగినట్లు సరిచేయమని అడగండి.

ఇక, ఎంతో ఇష్టమైన పాత కీర్తన కూడా రుచించక, నిద్ర, ఆకలి తగ్గి, రెండు వారాలు దాటినా అలాగే ఉంటే అది చెవి సంగతి కాకపోవచ్చు. మానసిక కుంగుబాటు కావచ్చు. దీనిని విశ్వాసం తగ్గిందని మందలించకండి, వైద్యముంది. "ఇంక బ్రతికి ఏం లాభం" అనే మాట వస్తే ఒంటరిగా వదలక ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి.